పెద్ద పంకా

లాంచీ అమరావతి రేవు వదిలిన దగ్గర్నుంచి పెళ్ళికొడుకు దానయ్య కుదురుగా కూర్చుంటే ఒట్టు. లేస్తాడు, అంచు పట్టుకుని నీళ్ళు చూస్తాడు, చేతి గడియారం చూస్తాడు, పొద్దు చూస్తాడు, మళ్ళీ కూలబడతాడు. పెళ్ళివాళ్ళకు ఇంతకన్నా కాలక్షేపం ఏం కావాలి? వెనక బల్ల మీద ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"నీ మరదలు యాడికీ పోదులేరా," అంది తల్లి పాపమ్మ.

పోతుందని అందరికీ తెలుసు. గొడవంతా అదే.

మాదిపాడులో పాపమ్మ తమ్ముడు ఇన్నయ్య మాటంటే మాటే. ఈ పెళ్ళి ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి దానయ్యకు యుద్ధం అడ్డం వచ్చింది, ఇంకోసారి పాపమ్మకు జ్వరం వచ్చింది. మూడోసారి కూడా తప్పితే తన కూతురు రూతమ్మను పాస్టరమ్మ వెంట గుంటూరు నర్సుల బడికి పంపేస్తానని ఇన్నయ్య కబురు చేశాడు. అక్కడ పెళ్ళికాని పిల్లల్నే తీసుకుంటారు. చదువు మూడేళ్ళు.

ఇక గడువా, ఈ సాయంత్రమే. ఏడు దాటితే గుడిలో పెళ్ళి చేయకూడదని చట్టం. తెల్లారితే భస్మ బుధవారం. ఈస్టరు దాకా శ్రమల దినాలు, పెళ్ళి ఊసెత్తితే పాస్టరు గారు చెవులు మూసుకుంటారు.

ముందురోజే బండ్లు కట్టుకుని పోదామని పెద్దలు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. దానయ్య వినలేదు. యుద్ధంలో నాలుగేళ్ళు చిట్టగాంగు వైపు లాంచీల మీద పనిచేసి వచ్చినవాడు. లాంచీ ఉండగా ఎద్దుల తోకలు మెలిపెట్టడం దేనికి, మూడు గంటల్లో రేవులో దించుతానన్నాడు. అందుకోసం బెజవాడ నుంచి కొత్త ప్రొపెల్లరు కూడా తెప్పించాడు. లాంచీవాళ్ళ మాటలో అది పంకా. పాత పంకా కంటే పెద్దది, రెక్కలు బాగా మెలితిరిగి ఉన్నాయి.

పొద్దున దాన్ని బిగించి, బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాడు. ఈ పంకా ఒక్క చుట్టు తిరిగితే లాంచీ ఎంత ముందుకు పోవాలో అది పిచ్. నిమిషానికి ఎన్ని చుట్లో దాంతో హెచ్చవేస్తే గంటకు పన్నెండు మైళ్ళు తేలింది. పెళ్ళివాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని విన్నారు. లాంచీ నడిపే ముర్తుజా మాత్రం తల గోక్కున్నాడు.

తీరా నీళ్ళలో పడ్డాక అందులో సగం వేగం కూడా లేదు. ఇంజను మూలుగుతోంది. వెనక నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. లాంచీ మాత్రం కడుపుతో ఉన్న గేదెలా నడుస్తోంది.

"పంకా తిరగతంది గానీ నీళ్ళను పట్టట్లా దానయ్య అన్నా," అన్నాడు ముర్తుజా. "కర్రలో మరమేకు దిగినట్టు నీళ్ళలో దిగుద్దా? జారతంది. ఇంత పిచ్ తిప్పడానికి ఈ ఇంజను చాలదు. పాతది కిందనే ఉంది. ఒడ్డుకు కట్టి మార్చేద్దాం."

దానయ్య ముఖం పాలిపోయింది.

"ఆపితే ఉన్న టైమూ పోద్ది. పోనియ్," అన్నాడు.

పాపమ్మ ఊరుకునే మనిషి కాదు. బరువు తగ్గిద్దామంది. ఒక రేవు దగ్గర లాంచీ ఆపించి, ఒళ్ళున్న మగవాళ్ళందరినీ దించేసింది. వెనక నడిచి రమ్మంది. లాంచీ ముక్కు పైకి లేచింది. చెట్లు చకచకా వెనక్కి పోసాగాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

దానయ్య నిలబడలేకపోయాడు. గడియారం చూశాడు. పొద్దు చూశాడు. పల్నాటి కొండల మీద ఇంకా బారెడు పొద్దుంది. కండువాతో మెడ తుడుచుకుని ఒక్కసారిగా ముర్తుజా భుజం పట్టుకున్నాడు.

"తిప్పు. మనోళ్ళను ఎక్కించుకుందాం. పెద్దోళ్ళు లేకుండా పెళ్ళేంది?"

దిగినవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. ఇంత తొందరలోనూ కుర్రాడు మర్యాద మరవలేదని చెప్పుకుంటూ ఎక్కారు. లాంచీ మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది.

పొద్దు కుంకింది. చీకట్లో మాదిపాడు దీపాలు కనిపించాయి. గుడి ముందు పెట్రోమాక్సు లైటు కూడా కనిపిస్తోంది. రేవు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే గుడిలో ఏడు గంటలు కొట్టారు.

బయలుదేరిన తర్వాత దానయ్య మొదటిసారి కదలకుండా కూర్చున్నాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"నాలుగేళ్ళు లాంచీల మీద బతికినోడివి," అంది పాపమ్మ ఏడుస్తూ. "నీళ్ళు జారతయ్యని తెలవదంట్రా నీకు?"

దానయ్య కండువా ముఖం మీదకు లాక్కున్నాడు. పాపం, ఏ ముఖం పెట్టుకుని పలుకుతాడని అందరూ జాలిపడ్డారు.

రేవుకు ఇన్నయ్య రాలేదు. పాస్టరు గారు వచ్చి, తన చేతుల్లో ఏమీ లేదు నాయనా అన్నారు. తెల్లవారుజామున పాస్టరమ్మ బండి గుంటూరు బయలుదేరుతుందని, రూతమ్మ పెట్టె అప్పుడే బండికి ఎక్కించారని ఎవరో చెప్పారు. వండిన అన్నాలు చల్లారిపోతున్నా ఎవరూ ఆకులు వేయలేదు.

అందరి వెనగ్గా, పెళ్ళి చీర ఇంకా మార్చుకోని రూతమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. వాళ్ళిద్దరినీ చూసి జనం పక్కకు తప్పుకున్నారు. దానయ్య చెంబు అందుకున్నాడు.

"పెద్ద పంకా బిగిస్తే లాంచీ నడవదని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వంటే నమ్మలేదు బావా," అంది రూతమ్మ మెల్లగా, "మూడేళ్ళు ఆగుతానన్న మాట మాత్రం నమ్మే పోతన్నా."