స్ప్రూస్ రుచి

ఫిన్లాండ్‌లో నవంబరు కదా, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. వేడెక్కే ఎండలకూ, మనుషుల నరికివేతకూ ఈ అడవి రేపు ఏమైపోతుందో లెక్కగట్టడమే, పీహెచ్‌డీ అయ్యాక నేనూ రైసా చేస్తున్న ఉద్యోగం. వయసు చూద్దామని స్ప్రూస్ అనే సూదాకుల చెట్టుకి బోలు బరమా దింపి, పుల్లంత చెక్కను బయటికి లాగాను. అంత చలిలోనూ అది వెచ్చగా ఉంది.

"టార్చి వేసినా వయసు వలయాలు కనబడట్లేదే."

"నాలికతో తడుపు, తేలతాయి. కొత్తా ఏంటి నీకు?"

తడిపాను. ఉప్పగా, జిడ్డుగా, కుళ్ళిన మాంసంలా ఉంది. ఛీ! ఎంత ఉమ్మినా ఆ రుచి వదల్లేదు.

రైసా పగలబడి నవ్వింది. "లోపల పుచ్చిందేమో, చిటికెన వేలు పెట్టి చూడవే."

బరమా తీసి కన్నంలో వేలు పెట్టాను. లోపల ఎవరో చప్పరించినట్టు చప్పుడైంది. తర్వాత మెత్తటిదేదో నా వేలిని నిదానంగా తడిపింది, నాకెన్నేళ్ళో చూడటానికన్నట్టు.