గోడెక్కిన ఊరు

"తప్పుకో అక్కా, బుల్డోజరు ముందు నిలబడితే ఎలా?" అన్నాడు పట్టణ ప్రణాళికాధికారి.

"ముందు నన్ను కూల్చి, తర్వాత గోదాము కూల్చుకో!" అంది ఎదురుగా లాడ్జి నడిపే అతడి అక్క.

మూతపడ్డ మిల్లు తాలూకు గోదాము అది. దాన్ని పడగొట్టి, పర్యాటకుల బస్సులకు పార్కింగు కట్టాలని తమ్ముడి ప్లాను.

"నీ లాడ్జి కోసమే కదక్కా! పార్కింగుంటే బస్సులొస్తాయి."

"బస్సులొస్తే సరా? బస చెయ్యొద్దూ? బండి ఆగడానికి చోటిస్తున్నావు సరే, మనిషి ఆగడానికి ఏముందిరా ఇక్కడ? నా గదుల్లో దుప్పటి మడత విప్పి ఎన్నాళ్లయిందో! ఇలాగే ఉంటే నేనూ తాళమేసేస్తా. రా, ఈ గోదాములోకొచ్చి చూడు."

తమ్ముణ్ణీ, వెంట ఉన్న ఇంజినీరునీ లోపలికి లాక్కెళ్లి ధన్‌మని తలుపు మూసింది. కటిక చీకటి. వీధి వైపు రేకుకి బఠాణీ గింజంత కన్నం. అందులోంచి సూదిలా వెలుగు.

"ఏముందక్కా, దుమ్ము..." తుమ్మబోయినవాడు తుమ్ము మరిచిపోయాడు.

ఎదుటి గోడ మీద ఊరుంది! వీధి, వంతెన, నది, అవతలి కొండ... రంగులతో సహా. మిల్లు మూతపడి తలకిందులైన ఊరు నిజంగానే తలకిందులుగా వేలాడుతోంది. నది పైన, ఆకాశం కింద. నీళ్లు తళతళలాడుతున్నాయి, చుక్క కారడం లేదు. సైకిలు మీద ఒకావిడ చక్రాలు పైకెత్తి హాయిగా వెళ్లిపోతోంది.

"ఫైళ్లు కదలని మన ఆఫీసు కూడా కప్పెక్కేసింది సార్!" వేలెత్తి చూపించాడు ఇంజినీరు.

అధికారి గోడ దగ్గరికి వెళ్లాడు. తెల్లని మబ్బొకటి నేలవారగా పాకుతూ వచ్చి అతడి బూటెక్కింది. చెదిరిపోతుందేమోనని కాలు కదపలేదు. కళ్లద్దాలు తుడిచాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"ఇదెలా జరుగుతుందంటేరా, ఆ కన్నంలోంచి వెలుగు..." అక్క మొదలెట్టింది.

"ష్! మాట్లాడకక్కా."

ఉన్నట్టుండి అక్క వైపు తిరిగాడు.

"పార్కింగు ఊరి బయట కడదాం. అక్కణ్ణించి జనం నడిచొస్తారు, దారిపొడుగునా కొట్లు తెరుచుకుంటాయి. పొద్దుట ఊరూ, సాయంత్రం ఊరూ రెండూ చూడాలంటే నీ లాడ్జిలో దిగాల్సిందే!"

అక్క తమ్ముణ్ణి గట్టిగా వాటేసుకుంది. అతడు ఆమె భుజం మీంచి ఇంజినీరుకు హుకుం జారీ చేశాడు.

"బుల్డోజర్ని పంపించెయ్. ఇక్కడ ఒక్క ఇటుక కదిలినా ఊరుకోను! వానొస్తే ఇంత అందమైన బొమ్మ తడిసిపోతుంది, ముందు ఆ రేకు కన్నం పూడ్పించు!"