దంచిన వడ్లు

"రోకళ్లు ఆపండి!"

అరుపు విని ఆడవాళ్లంతా తలలు తిప్పారు.

వాకిట్లో ఒక మనిషి. మోకాళ్ల దాకా బురద, వారం నాటి గడ్డం, చిరిగిన తువ్వాలు.

అప్పలనర్సమ్మ మాత్రం రోకలి ఆపలేదు.

ఆపడానికి తీరికెక్కడిది? వంశధార పొంగి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయని బిలాస్‌పూర్‌కి కబురొచ్చి వారమైంది. ఏటి ఒడ్డునే ఆమె పుట్టిల్లు. తల్లి ఉందో పోయిందో తెలియదు. రైల్వే క్వార్టర్ల తెలుగువాళ్లంతా కలిసి పక్కనున్న లింగియాడీహ్ ఊరి రైతుల దగ్గర ఇరవై బస్తాల వడ్లు కొన్నారు. సాయంత్రం గూడ్సుకు తగిలించే వ్యాగన్ కూడా సిద్ధంగా ఉంది.

వడ్లు వడ్లుగానే పంపుదామన్నాడు ఆమె భర్త త్రినాథరావు.

"ఏటీ? కన్నోరికి దంచకుండా ఒడ్లు పంపుతామేటి? సూసినోళ్లు నవ్విపోరూ!" అని ఆమె కస్సుమంది.

ఆ మాటకి క్వార్టర్ల ఆడవాళ్లంతా వంత పాడారు. వాళ్ల పౌరుషం ముందు లోకో షెడ్డు ఫైర్‌మన్ మాట ఏ మూలకి? అతను నోరు మూసుకుని డ్యూటీకి పోయాడు. రెండు రోజులుగా దంచుతూనే ఉన్నారు. చేతులు బొబ్బలెక్కాయి. ఇంకా పది బస్తాలు మిగిలాయి.

"ఎవుడివి నువ్వు?" అంది అప్పలనర్సమ్మ.

"ముందు ఆ రోకలి ఆపు తల్లీ, సెప్తాను."

"నువ్వు సెప్పేదేటి, నేను ఆపేదేటి! పో!"

అతను పోలేదు. విప్పిన బస్తాలో చెయ్యి పెట్టి ఒక గింజ కొరికి చూశాడు. దోసెడు వడ్లు తీసుకుని, కుళాయి కింద తడిపి, తువ్వాలు కొంగున మూట కట్టాడు.

"ఓలమ్మో, సోర్! సోర్!" పక్కింటి కనకం కేక పెట్టింది.

అప్పలనర్సమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ములిగిపోయినోళ్ల కూడు దొంగిలిస్తావట్రా!"

రోకలి తిప్పి వీపు మీద ఒక్కటేసింది. అతను తూలి గోడ పట్టుకున్నాడు.

"కొట్టు తల్లీ. గానీ మిగిలిన బస్తాలు దంచకు. ఒడ్లలాగే పంపు. నీకు దండం పెడతాను."

"ఏటి పంపాలో నువ్వు సెప్తావేటి నాకు!"

మూట లాక్కుని కాలవలోకి విసిరేసింది. కుర్రాళ్లు అతన్ని దయాల్‌బంద్ పేట దాకా తరిమి వచ్చారు.

ఆ పది బస్తాలూ ఆమె పంతం పట్టి, పక్క బస్తీ ఆడవాళ్లని కూడా పిలిపించి దంచించింది. సాయంత్రం వ్యాగన్ నిండా తెల్లటి బియ్యం కదిలింది. పుట్టింటి పరువు నిలబెట్టానని ఆమె ఆ రాత్రి కడుపు నిండా తింది.

మూడోనాడు పొద్దున త్రినాథరావు కాలవ దగ్గర కూర్చుని ఏదో చూస్తున్నాడు.

గట్టున చిక్కుకున్న తడి తువ్వాలు చిరుగుల్లోంచి తెల్లటి మొలకలు పైకొచ్చాయి.

"నర్సమ్మా, ఆడు దొంగ కాడే. ఇత్తనాలు మొలుస్తాయో లేదో సూసుకున్నాడు."

"అచ్ఛా! అయితే మరి నోరిప్పి సెప్పొచ్చు కదా?"

"రోకలి ఆపితే సెప్తానన్నాడంట కదే, నువ్వు ఆపావా?"

ఇంతలో తపాలా జవాను ఉత్తరం తెచ్చాడు. దారులు తెగి ఎన్నాళ్లో నలిగిన ఉత్తరం. తమ్ముడు అమ్మన్న రాశాడు. త్రినాథరావు గుమ్మంలోనే విప్పి చదివాడు.

'అక్కకి. అమ్మ బతికే ఉంది.'

అప్పలనర్సమ్మ అక్కడే కూలబడి భోరుమంది. ఆ ఒక్క ముక్క కోసమే కదా ఇన్నాళ్లూ రోకలితో మొత్తుకుంది!

'తిండికి లోటు లేదు, సర్కారువాళ్లు బియ్యం ఇస్తున్నారు. ఆకుమడులూ విత్తనాలూ అన్నీ ఏట్లో పోయాయి. ఈ పున్నమిలోగా మళ్లీ నారు పొయ్యకపోతే ఊరు ఊరంతా ఏడాది పాటు అడుక్కోవాల్సిందే. మొలిచే వడ్లు చూసి తెమ్మని మన పోలయ్యని మీ దగ్గరికి పంపాం. అతను నీకు కొత్త. అమ్మ సంగతి కూడా అతనే నోటితో చెప్తాడు.'

త్రినాథరావు చదవడం ఆపేశాడు.

"ఇంకేటి రాశాడు?" అంది ఆమె.

అతను భార్య ముఖం చూడలేకపోయాడు.

"సదువు."

'అతను ఏమడిగితే అది ఇవ్వు అక్కా, అమ్మని వీపున వేసుకుని ఏరు ఈదినవాడు అతనే.'