బంద్ రోజు చాయ్

"ఇగ ముందుకు పోదు మేడం. దిగుండ్రి," అన్నాడు కారు డ్రైవర్.

ఎదురుగా హైవే మీద అడ్డంగా బండరాళ్ళు. వాటి పక్కన టైర్లు కాలుతున్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. శంషాబాద్ దగ్గర ఒక్క బండిని కూడా వదలడం లేదు.

"ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళు బాబూ. ఎయిర్‌పోర్టు దగ్గరికి వచ్చేశాం కదా," అని బతిమాలింది సరిత.

"అద్దాలు పగిలితే ఓనర్‌కు ఏం చెప్పాలె మేడం?"

సూట్‌కేసు రోడ్డు పక్కన దించేసి, కారు అత్తాపూర్ వైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

రేపు పొద్దున విశాఖపట్నంలో సరిత తల్లికి గుండె ఆపరేషన్. రైళ్ళు ఆగిపోయాయి, బస్సులు డిపోలు దాటడం లేదు. ఉన్నది ఈ సాయంత్రం విమానం ఒక్కటే. నడిచి వెళ్దామంటే ఎయిర్‌పోర్టు ఇంకా చాలా దూరం. సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఆటో కోసం పక్క వీధిలోకి వెళ్ళింది. ఎక్కడా ఆటో లేదు. రాత్రంతా నిద్ర లేదు. తాళం వేసి ఉన్న ఓ ఇంటి మెట్ల మీద కూలబడింది.

"ఎవరు బిడ్డా? గిట్ల కూసున్నవేంది?"

ఎదురుగా యాభై ఏళ్ళ ఆడమనిషి. తలకు చుట్టుకున్న తువ్వాల, మోకాళ్ళ దాకా దుమ్ము, బొంగురుపోయిన గొంతు. పొలం నుంచి వస్తున్నట్టుంది అనుకుంది సరిత. జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే ఏడుపు వచ్చేసింది.

ఆవిడ పేరు కొండమ్మ. మొత్తం విని ఆ ఇంటి తాళం తీసింది.

"లోపటికి రా. నాక్కూడ చాతనైతలేదు. జరంత చాయ్ తాగుదామనే వచ్చిన."

"టీ వద్దండి. ఆటో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు."

"ఇయ్యాల ఆటో ఏడ దొరుకుతది? మొకం జూస్తే పొద్దటి సంది ఏం తిన్నట్టు లేవు. కూసో."

స్టవ్ వెలిగించి గిన్నెలో నీళ్ళు పెట్టింది. అల్లం ముక్క, కొన్ని ఇలాచీలు, లవంగాలు, నాలుగు మిరియాలు రోట్లో వేసి సరిత ముందుకు జరిపింది.

"దంచు. ఊకె కూసుంటే పరేషాన్ ఎక్కువైతది."

సరిత దంచడం మొదలుపెట్టింది. అల్లం వాసన వంటింటి నిండా పరుచుకుంది. చేయి ఆడుతున్నకొద్దీ లోపలి కోపం కూడా బయటికి వచ్చింది.

"ఆ రాళ్ళు పెట్టినవాళ్ళకు అమ్మలు లేరా అండీ? రాష్ట్రం కావాలంటే ఢిల్లీ వెళ్ళి అడగాలి. దారిన పోయే నన్ను ఆపితే వస్తుందా?"

కొండమ్మ రోలు తన వైపు జరుపుకుంది. దంచినదంతా మరుగుతున్న నీళ్ళలో వేసింది. చాయ్‌పత్తా, చక్కెర వేసి, చిక్కటి బర్రెపాలు పోసింది. పొంగు వస్తే మంట తగ్గించింది, దిగాక పెంచింది. రంగు ఎర్రబడేదాకా గిన్నె దగ్గరే నిలబడింది.

"ఉంటరు బిడ్డా. అందరికీ అమ్మలు ఉంటరు," అంది చివరికి. "పిల్లలు డిగ్రీలు చదివి నౌకరి లేక ఊకె తిరుగుతుంటే, గా అమ్మల కడుపు గూడ కాల్తది గదా."

"మీరూ వాళ్ళ వైపే మాట్లాడుతున్నారు."

"ఎవల దిక్కు లేదు. వేడి మీదనే తాగు."

స్టీలు గ్లాసు చేతికి అందింది. మొదటి గుక్కకే అల్లం, మిరియాల ఘాటు గొంతులో సర్రున దిగింది. రెండో గుక్కకు బిగుసుకుపోయిన భుజాలు సడలాయి. అమ్మను ఆసుపత్రిలో చేర్చినట్టు ఫోన్ వచ్చినప్పటి నుంచి ఇలా ఎవరూ తన చేతికి వేడిగా ఏదీ ఇవ్వలేదని గుర్తొచ్చింది సరితకు. కొండమ్మ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని తాగుతోంది. దూరంగా నినాదాలు లీలగా వినిపిస్తున్నాయి.

"ఇమానం ఎప్పుడు?" కళ్ళు తెరవకుండానే అడిగింది కొండమ్మ.

"ఇంకాసేపట్లో వెళ్ళకపోతే లోపలికి రానివ్వరు."

కొండమ్మ గ్లాసు కింద పెట్టి ఫోన్ అందుకుంది.

"ఏడున్నవ్? బండి తీస్కొని ఇంటికి రా. ఒక బిడ్డను లోపటి తొవ్వల కెల్లి ఇమానాల దగ్గర దింపాలె... ఎవ్వలేమనరు. నేను చెప్పిన్నని చెప్పు."

మొపెడ్ మీద వచ్చినతను ఆమె భర్త సత్తయ్య. సూట్‌కేసు ముందు పెట్టుకున్నాడు. సరిత వెనక కూర్చుంది.

"అమ్మకు మంచిగైతది. నువ్వు పైలం," అంది కొండమ్మ సరిత తల నిమిరి.

పొలాల పక్క నుంచి, ప్రహరీ గోడల వెంట మొపెడ్ ముక్కుతూ మూలుగుతూ సాగింది. ఒకచోట కొందరు కర్రలు అడ్డం పెట్టారు. సత్తయ్యను చూసి, ఏమీ అడగకుండానే పక్కకు తీశారు. చివరికి ఎయిర్‌పోర్టు ముందర ఆపాడు. ఇంకా టైముంది.

సరిత దిగి రెండు చేతులూ జోడించింది.

"మీ ఇద్దరి మేలూ మర్చిపోలేను. పాపం ఆవిడ బాగా అలసిపోయి ఉన్నారు. ఇవాళ్టికిక పొలం పని పెట్టుకోవద్దని చెప్పండి."

"పొలం పనా?" సత్తయ్య బండి తిప్పుకుంటూ నవ్వాడు. "చాయ్ తాగొస్తనని రోడ్డు మీద కెల్లి లేసొచ్చింది మేడం. గా రాళ్ళు పెట్టిచ్చిందే మా ఆమె!"