ఒక్క యూనిట్ తేడా లేదు

దేవుడు పెద్దపెద్ద పనులే చూసుకుంటాడా, అంకెల్లో కూడా వేలు పెడతాడా అన్న అనుమానం ఆ కుర్రాడికి చదువుకునే రోజుల నుంచీ ఉంది. డిగ్రీ అయ్యి, కరెంటు కంపెనీలో అనలిస్టుగా చేరాక అది ఇంకా ముదిరింది.

అతని పని ఒక్కటే. రేపు ఊరికి ఎంత కరెంటు కావాలో ఈరోజే లెక్కగట్టి చెప్పాలి. ఆ లెక్క ప్రకారమే కంపెనీ కరెంటు కొంటుంది. వాడకం లెక్క దాటితే పెద్దసారుకి పైనుంచి అక్షింతలు. ఆయన వాటిని కిందికి పంచుతారు. ఆ సీట్లో అంతకుముందు కూర్చున్నవాళ్ళెవరూ ఏడాది నిలవలేదు.

కుర్రాడు నేర్చుకున్నదంతా గుర్తుచేసుకున్నాడు. ఎండ చూశాడు, గాలి చూశాడు, సెలవులు చూశాడు. కళ్ళు మూసుకుని ఓ దణ్ణం పెట్టుకున్నాడు. అంకె వేశాడు. మనిషిది పొదుపు చెయ్యి. ఎంత వేసినా ఓ పిసరు తక్కువే వేస్తాడు.

మర్నాడు మీటర్లు చూస్తే ఒక్క యూనిట్ తేడా లేదు.

ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే.

పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదయ్యా. ఏం సూత్రం వాడుతున్నావు?"

"పుస్తకంలో ఉన్నదే సార్. చివర్లో ఓ దణ్ణం."

"సూత్రం మార్చినా ఫర్వాలేదు. ఆ దణ్ణం మాత్రం మానకు."

ఆఫీసంతా అతనికి జాతకాల్రావు అని పేరు పెట్టింది. పక్కసీటావిడ తెల్లకాయితం పట్టుకొచ్చింది.

"బాబూ, మా అల్లుడికి బదిలీ ఎటువైపు పడుతుందో కాస్త లెక్కేసి చెబుదూ."

"అది కరెంటు కాదండీ."

"ఏదైతేనేం నాయనా, నీ చేత్తో ఓ అంకె వెయ్యి చాలు."

వేశాడు. ఆ అల్లుడికి కోరుకున్న చోటికే బదిలీ అయింది. ఆ తర్వాత కుర్రాడి సీటు దగ్గర జనం తగ్గలేదు.

ఆఫీసులో ఇంత వైభోగం. ఇంట్లో మాత్రం పూచికపుల్ల పాటి విలువ లేదు.

అతనుండేది అక్కాబావల దగ్గర. బావకి వీధి మొదట్లో సెలూన్ ఉంది. ఆ కత్తెర చప్పుడు మీదే కుర్రాడి చదువంతా సాగింది. కుర్రాడు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ సెలూన్‌కి చెడ్డకాలం పట్టుకుంది. సాయంత్రం, సరిగ్గా జనం వచ్చే వేళకి, ఆ వీధిలో కరెంటు పోతోంది. మిషన్ సగం తల మీద ఆగిపోతోంది. చీకట్లో కత్తెర పెట్టించుకునే ధైర్యం ఎవరికుంటుంది? సగం తలలవాళ్ళు మెడకి తువ్వాళ్ళతో బల్లమీద వరసగా కూర్చుని, గుడ్లప్పగించి బల్బు వంక చూస్తారు. ఓపిక లేనివాళ్ళు టోపీ అడుగుతారు. బావ టోపీలు తెప్పించి పెట్టాడు. ఈమధ్య క్షవరాల కంటే అవే ఎక్కువ అమ్ముడవుతున్నాయి.

"ఏమోయ్ జాతకాల్రావూ, ఊరంతటి కరెంటూ నీ గుప్పిట్లో ఉందట! నా మిషన్ ఆగే ముందు ఓ మాట చెప్పి పుణ్యం కట్టుకోరాదూ?"

"నాది అంచనాల సెక్షన్ బావా. తీగలూ స్విచ్చులూ నాకు తెలీవు."

"తెలుసుకో మరి. నెలాఖరుదాకా ఇలాగే ఉంటే షాపు మూసేసి, మీ అక్క వంటింట్లో ఉల్లిపాయలకి క్షవరం చేసుకుంటాను."

"వాణ్ణేమీ అనకండి," అక్క అడ్డొచ్చింది. "వాడు మాత్రం ఏం చేస్తాడు పాపం?"

కుర్రాడు కంచం ముందే లెక్క మొదలెట్టాడు. తనకి అన్నం పెట్టిన సెలూన్ తన కళ్ళముందే మూతపడబోతోంది. స్విచ్చులన్నీ కంట్రోల్ రూములో ఉంటాయి. ఉద్యోగం పర్మనెంట్ కానివాళ్ళకి అందులోకి ప్రవేశం లేదు. అంచనా తప్పకపోతే పర్మనెంట్. పర్మనెంటయితే కంట్రోల్ రూము. ఆ గదిలో కాలు పెడితే చాలు, బావ వీధి సంగతి తేల్చేయొచ్చు.

దణ్ణాలు రెట్టింపు చేశాడు. అంచనా ఒక్కటీ తప్పలేదు. బావ బల్లమీద సగం తలలూ తగ్గలేదు.

నెలాఖరు దగ్గరపడింది. పెద్దసారు పిలిచి, పర్మనెంట్ చేస్తూ ఆర్డరు చేతిలో పెట్టారు. కుర్రాడు ఆయనకి దణ్ణం పెట్టి, రెండేసి మెట్లు దిగుతూ కంట్రోల్ రూముకి పరిగెత్తాడు.

గోడ నిండా స్విచ్చులు. వాటి ముందు కుర్చీలో ఆపరేటర్. నెరిసిన మీసాల మనిషి. కుర్రాడు చేరిన రోజుల్లోనే, పట్టుబట్టి సొంతూరికి బదిలీ చేయించుకుని వచ్చినవాడు. కుర్రాణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి సార్, రండి! మీ పేరు వినడమే గానీ మిమ్మల్ని చూడ్డం ఇదే మొదలు."

"మీతో ఓ చిన్న పనిపడి వచ్చానండీ. ఆ సెలూన్ ఉన్న వీధిలో రోజూ సాయంత్రం కరెంటు ఎందుకు పోతోంది?"

ఆపరేటర్ మొహం విప్పారింది. ఒకసారి తలుపు వంక చూసి, మీసం దువ్వుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"పెద్దసారు సంతకంతో వచ్చిన మీ అంకెని వాడకం దాటనివ్వకూడదంటే ఎక్కడో ఒకచోట స్విచ్చి దించాలి కదా సార్, అందుకని నా పెళ్ళినాడు పొద్దున్నే కబుర్లలో పడి నా మీసం ఒకవైపు లేపేసిన ఆ సెలూన్ వాడి వీధిదే రోజూ దించేస్తూ, ఇన్నేళ్ళకి వాడి బాకీ తీర్చేశాను!"