ఎవరికీ మినహాయింపు లేదు

అంబులెన్స్ వచ్చి గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ రాజమౌళి కుర్చీలోంచి లేచాడు. లేచి, గేటుకు లోపలి నుంచి తాళం వేశాడు.

ముందు సీటులోంచి ఉదయ్ దిగాడు. వెనక తలుపు తీసుకుని వాళ్లమ్మ కమల దిగింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి. హన్మకొండలోని ఆ అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ఉండేది మూడో అంతస్తు. తెల్లవారుతుండగా ఆమె భర్త ఆసుపత్రిలో కన్నుమూశాడు.

"గేటు తియ్యి రాజమౌళీ," అంది కమల.

"తియ్యరాదమ్మా. ఉత్తర్వు ఉన్నది."

ఉన్న మాట నిజమే. గేటు పక్కన అద్దాల బోర్డులో, దానికీ ఓ తాళం వేసి మరీ పెట్టారు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సొంతదారులైనను, అద్దెదారులైనను, మరణించినవారి భౌతికకాయమును ఈ గేటు లోపలికి తీసుకురారాదు. ఎవరికీ మినహాయింపు లేదు." కింద సెక్రటరీ సారంగపాణి సంతకం, ముద్ర. శవం ఎక్కిన లిఫ్టు ఎక్కడానికి పిల్లలు భయపడతారట. అలాంటి బిల్డింగులో ఫ్లాట్లు ఎవరూ కొనరట. అదీ కారణం.

సారంగపాణి సర్కారు కొలువులో కాగితాలు రాసీ రాసీ రిటైరైన మనిషి. మనుషుల కన్నా మాటల మీద మక్కువ ఎక్కువ. అసోసియేషన్ తొలి మీటింగులోనే అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "విజ్ఞప్తి అంటే బతిమాలుకోవడం. సూచన అంటే ఇష్టముంటే వినడం. ఆదేశం నోటిమాట, రేపు నేననలేదు అనొచ్చు. తాఖీదు ఒట్టి బెదిరింపు. ఉత్తర్వు అట్లా కాదు. సంతకం పెట్టినవాడే రద్దు చెయ్యాలి. అప్పటిదాకా అది చావదు."

గుమ్మం ముందు చెప్పులు విప్పితే తాఖీదు. బాల్కనీలో బట్టలు ఆరేస్తే తాఖీదు. ఇక ఈ ఉత్తర్వు వచ్చాక, బిల్డింగులో సారంగపాణి పేరు చెబితే ఒళ్లు మండని మనిషి లేడు.

"అక్షర ఆదిలాబాద్ నుంచి బయలెల్లింది," కమల చేతులు జోడించింది. "బిడ్డ వచ్చేదాంక ఇంట్ల పండబెడ్తం. ఇన్ని నీళ్లు పోసి, తలకాడ దీపం పెట్టి తీస్కపోతం. ఇంతే కద రాజమౌళీ."

"మా బిడ్డ గూడ అయ్యాల్ల తొవ్వల్నే ఉండె అమ్మా," అన్నాడు రాజమౌళి.

పోయిన ఎండాకాలం అతని భార్య సమ్మమ్మ పోయింది. ఇదే గేటు. వాళ్లు కాపురముండే గది కడ్డీల్లోంచి కనబడుతూనే ఉంది. రాజమౌళి సెక్రటరీ కాళ్లు పట్టుకున్నాడు. "నా చేతుల్లో ఏముంది రాజమౌళీ? ఉత్తర్వు ఉత్తర్వే," అన్నాడు సారంగపాణి, పేపరులోంచి తలెత్తకుండానే. రోడ్డవతల ట్రాన్స్‌ఫార్మర్ కింద జంపఖానా పరిచి సమ్మమ్మను దించారు. ఎదురింటివాళ్లు బోరు నీళ్లిస్తే స్నానం చేయించారు. అటుగా పోయే బండ్లు హారన్లు కొట్టుకుంటూనే పోయాయి.

"మీరు పైనుంచి చూసిండ్రు. చూసి తలుపేసుకున్నరు," అన్నాడు.

కమల తల దించుకుంది.

ఉదయ్ కోపం పట్టలేక గేటును కాలితో తన్నాడు. "ఆ బోర్డు పలగ్గొడ్త! కాగితం చింపి పారేస్త!"

"చింపు, చింపు," అంది పద్మలత, మొదటి అంతస్తు బాల్కనీలోంచి. "కాకపోతే సంతకం పెట్టినాయననే వచ్చి చింపుమను. ఎవరొద్దన్నరు?"

ఆమె మామగారినీ మొన్న దసరా ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే దించారు. సొంత ఫ్లాటు ఉండీ.

"పద్మలతా, నువ్వన్న జర చెప్పవే. కమిటీల ఉన్నవు కద," కమల పైకి చూస్తూ బతిమాలింది.

"కమిటీకి పవర్ ఏడిదక్కా? పవరంతా సెక్రటరీ సార్‌దే అని మీటింగుల నీ ముందటనే రాయించుకున్నడు. నువ్వు గూడ చప్పట్లు కొట్టినవు."

ఒక్కొక్క బాల్కనీలోకీ జనం వచ్చారు. దిగి వచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. పై అంతస్తులో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

"జల్ది కానియ్యుండ్రి సార్, ఇంకో కేసుకు పోవాలె," అన్నాడు అంబులెన్స్ డ్రైవర్.

కమల గేటు కడ్డీలు పట్టుకుని నేల మీద కూలబడింది. "రాజమౌళీ, నీ కాళ్లు మొక్కుత. ఆయినె ఇల్లు చూడకుంట పోవద్దయ్యా."

రాజమౌళి చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి వేళ్లకు తగిలింది. ఇంకొక్క క్షణమైతే తీసేవాడే. కళ్లు ట్రాన్స్‌ఫార్మర్ వైపు తిరిగాయి. ఉత్త చెయ్యి బయటికొచ్చింది.

"రద్దు చేసిన కాగితం తెండ్రి. తీస్త," అన్నాడు.

"యాడికెళ్లి తేవాలెరా?" అని కమల గుండెలు బాదుకుంది.

పద్మలత ఇంట్లోకి వెళ్లి పాత చాప ఒకటి తెచ్చింది. బాల్కనీలోంచి రోడ్డు మీదికి విసిరింది. "పరుసుకోండ్రి," అంది.

ఉదయ్ దాన్ని తీసుకుపోయి ట్రాన్స్‌ఫార్మర్ కింద పరిచాడు. డ్రైవరూ అతనూ చెరోవైపు పట్టుకుని, సెక్రటరీ సారంగపాణిని రోడ్డు మీద పడుకోబెట్టారు.