విమానం యాంటెన్నా

“ముందు ఆ విమానం ఇచ్చెయ్యి,” అంది సారక్క.

గుమ్మం బయట పాత సామాను కొనే భంగార్‌వాలా గోనెసంచి తెరిచి నిలబడ్డాడు. సాయంత్రం రైలుకు ఊరి నుంచి సారక్క తమ్ముడు పరమేశ్ వస్తున్నాడు. కరోనా భయానికి పద్నాలుగు రోజులు వేరే గదిలో ఉంచాలి. మగ్గం పనికి వలస వచ్చి ఉంటున్న ఖటోదరాలో వాళ్లకున్నవి రెండు గదులు. ఒకదాని నిండా ఆమె భర్త రాజనర్సు ఇరవై ఏళ్లుగా ఏరుకొచ్చిన పాత టీవీ యాంటెన్నాలే: చేప, గొడుగు, విమానం ఆకారాల్లో. టీవీ ఆకారంలో ఒక గడియారం కూడా ఉంది.

“మనకు డిష్ ఉన్నది గదా. గివేం పట్టుకుంటయి?”

“ఏం పట్టయి. చూసుకుందామని తెచ్చిన.”

“చూసింది చాలు తియ్యి.”

రాజనర్సు విమానాన్ని గోడ మీంచి దించాడు. పోయినేడు విరిగిన రెక్క నిలబడి ఉంది. జరీపోగుతో కట్టారు. కొస కనబడకుండా వేసిన ముడి మగ్గం పని తెలిసినవాళ్లది. అది ఎడమచేతి ముడి. ఇంట్లో ఎడమచేతి వాటం సారక్కదే.

“గిదెప్పుడు కట్టినవే?”

“నువ్వు కరోనాతోని దవాఖానల ఉన్నప్పుడు,” అంది సారక్క గడియారాన్ని సంచిలో వేస్తూ. “నన్ను లోపలికి రానియ్యకపాయిరి. ఇంట్ల ఏం తోచకపాయె. అన్నీ తుడిచిన.”

“జల్దీ కరో, భాయ్,” అని తొందరపెట్టాడు భంగార్‌వాలా.

రాజనర్సు విమానాన్ని అతనికి అందించబోయాడు. సారక్క మధ్యలోనే పట్టుకుంది.

“గొడుగు, చేప తీస్కపొమ్మను.”

“మరి పరమేశ్‌కు జాగ?”

“ఇది గోడకే ఉంటది గదా. వాడు పండుకుంటే కనబడేటట్టు, కాళ్ల దిక్కు తగిలియ్యి. ఒక్కడే ఉండాలె పద్నాలుగు రోజులు.”